దుగరాజపట్నం నుంచి చంద్రగిరి దాకా: మన పాత కట్టడాల లెక్క రాయించండి

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి, రాష్ట్ర పురావస్తు శాఖ అధికారులకు, నగరపాలక సంస్థ వారికి,

నమస్కారం.

ఈ లేఖలో అడిగేది ఒకటే. మన జిల్లాలో వందేళ్లు పైబడిన కట్టడాలన్నిటికీ ఒక జాబితా రాయించండి. అందులో గుళ్లొక్కటే ఉంటే చాలదు. సత్రాలు, మఠాలు, మసీదులు, చర్చిలు, బళ్లు, ముసాఫిరు బంగళాలు, తాలూకా కచేరీలు, వర్తకుల మిద్దెలు, సముద్రం ఒడ్డున ఇసుకలో మిగిలి ఉంటే ఆ గోడలు కూడా రావాలి. ఆ జాబితా చేతికొచ్చేదాకా, ఫొటోలూ కొలతలూ తీయకుండా ఏ పాత కట్టడం మీదికీ జేసీబీని పంపకండి.

సముద్రం దగ్గర్నుంచి మొదలుపెడతాను. తిరుపతి జిల్లాకు సముద్రం ఉందన్న సంగతి తిరుపతి వాళ్లకే ఇంకా అలవాటు కాలేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు ప్రాంతాలు నెల్లూరు నుంచి విడిపోయి ఇటు కలిశాయి. వాటితోపాటే వాకాడు మండలంలోని దుగరాజపట్నం మన జిల్లాలోకి వచ్చింది. కొండకు వంద కిలోమీటర్లు దాటిన ఆ చిన్న రేవు ఊరికి ఉన్న చరిత్ర తెలిస్తే, దాన్ని ఇన్నాళ్లూ ఎట్లా వదిలేశామా అనిపిస్తుంది.

ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో ఆ ఊరి పేరు ఆర్మగాన్. తమకు సాయం చేసిన ఆర్ముగం ముదలియారు పేరు మీద తెల్లవాళ్లు అలా పిలిచారని చెబుతారు. మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతో పొసగక, పులికాట్‌లో డచ్చివాళ్ల పక్కన నిలవలేక, కంపెనీ వర్తకులు 1626లో దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకున్నారు. చుట్టూ గోడ కట్టుకున్నారు, ఫిరంగులు తెచ్చుకున్నారు. 1628 నాటికి అక్కడ 12 ఫిరంగులు, వర్తకులూ సిపాయిలూ కలిపి 23 మంది ఉన్నట్టు రాసి ఉంది. మన దేశంలో ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకుని కూర్చున్న మొదటి చోటుగా చరిత్రకారులు దీన్నే చెబుతారు. తర్వాత జరిగిందంతా మద్రాసు, కలకత్తా, ప్లాసీ. దానికి ముందు మాట మాత్రం మన వాకాడు మండలం ఇసుకలో ఉంది. 2026తో దానికి 400 ఏళ్లు.

ఆ స్థావరం ఎక్కువ కాలం నిలవలేదు. కావలసిన అద్దకపు బట్ట కావలసినంత దొరకలేదు, స్థానిక నాయకుడితో గొడవలు తెగలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే తీరం వెంబడి దక్షిణంగా వెళ్లి వేరే చోటు వెతికాడు. 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి ఒక ఇసుక దిబ్బకు పట్టా తెచ్చుకున్నాడు. 1640లో సామాను సర్దుకుని అందరూ అక్కడికి పోయారు. ఇవాళ్టి చెన్నైలోని సెయింట్ జార్జి కోట అది. పట్టా ఇచ్చిన దామెర్ల వారు ఎవరి కింది సామంతులు? చంద్రగిరి నుంచి ఏలుతున్న విజయనగర రాయల కింద. ఆ తర్వాత 1645లో శ్రీరంగరాయలు ఆ పట్టాను ఖాయం చేశాడు.

అంటే మద్రాసు కథకు మొదలైన రెండు చోట్లూ, దుగరాజపట్నం రేవూ చంద్రగిరి కోటా, ఇవాళ ఒకే కలెక్టరేటు కింద ఉన్నాయి. అధికారులు ఒక్కసారి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నా మనవి. చంద్రగిరిలో రాజమహల్ నిలబడి ఉంది. మూడంతస్తులు, కర్రముక్క లేకుండా రాయీ ఇటుకా సున్నంతో లేపిన కట్టడం. పక్కన రాణి మహల్. లోపల మ్యూజియం, బయట పచ్చిక, టికెట్టు కౌంటరు. ఆదివారం నాడు తిరుపతి నుంచి పిల్లల్ని తీసుకుని వెళ్లి చూపిస్తాం. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితాలో ఆ కోట పేరుంది కాబట్టి ఇదంతా ఉంది. దుగరాజపట్నం వెళ్లిన పిల్లవాడికి చూపించడానికి ఏముంది? ఆర్మగాన్ అన్న పేరు అక్కడి దీపస్తంభానికి ఇప్పటికీ ఉంది. ఊరి కథ చెప్పే మ్యూజియం లేదు. పులికాట్ సరస్సుకు అవతలి ఒడ్డున, తమిళనాడు వైపు, డచ్చివాళ్ల శ్మశానాన్ని కేంద్రం కాపాడుతోంది. సమాధి రాళ్ల మీద చెక్కిన అక్షరాలు చదవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఒకే సరస్సు, ఒకే కాలం, ఒకే వ్యాపారం. తేడా అంతా జాబితాలో పేరు ఉండడంలో, లేకపోవడంలో ఉంది.

చట్టాలు లేక కాదు. 1958 నాటి కేంద్ర చట్టం ఉంది. దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం కుదరదు, ఆ పైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. 1960 నాటి రాష్ట్ర చట్టమూ ఉంది. కానీ ఈ రెండూ ప్రకటించిన కట్టడాల జోలికే వస్తాయి. ప్రకటించని కట్టడం, అది ఎంత పాతదైనా, సర్కారు కాగితంలో ఒకే ఒక్క సందర్భంలో కనిపిస్తుంది: శిథిలావస్థలో ఉందని నోటీసు అంటించేటప్పుడు.

తిరుపతి పాత ఊళ్లో అలా పోయిన ఒక సత్రం సంగతి చెబుతాను. ఎవరిదో, ఏ వీధో రాయను. నా ఫిర్యాదు ఒక మనిషి మీద కాదు.

ముందు సత్రాలు ఎందుకు పుట్టాయో గుర్తు చేసుకోవాలి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా కొండెక్కడమంటే కాలినడక, లేదా డోలీ. దూరం నుంచి వచ్చిన యాత్రికుడు కింద ఒక పూటైనా ఆగక తప్పేది కాదు. ఆగడానికి నీడ, ఇంత అన్నం కావాలి. అందుకే ఎక్కడెక్కడి రాజులో, వర్తకులో, వితంతువులో తమకున్నది ఇచ్చి గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సత్రాలు కట్టించారు. గుడి వ్యవహారాలు మఠాధిపతుల చేతిలో ఉన్న మహంతుల పాలన, అంటే 1843 నుంచి 1933 దాకా, ఈ ఊరి రూపురేఖలు చాలావరకు స్థిరపడిన కాలం. బొమ్మలూ గోపురాలూ లేని ఈ కట్టడాల్లోనే తిరుపతి సామాన్యుల చరిత్ర ఉంది. ఎవరు వచ్చారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరికి అన్నం పెట్టారు అన్నది వాటి గోడలే చెప్పాలి.

నేను చెప్పే సత్రం గోడలు రెండడుగుల పైన మందం. గానుగ సున్నంతో కట్టినవి. కాల్చిన సున్నాన్ని గుంతలో నానబెట్టి, ఇసుక కలిపి, ఎద్దు తిప్పే గానుగలో మెత్తగా నలిపేవాళ్లు. కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. పైకప్పు మద్రాసు మిద్దె. టేకు దంతెల మీద చిట్టి ఇటుకల్ని నిలువుగా, ఏటవాలు వరసల్లో పేర్చి, పైన ఇటుక కంకరా సున్నమూ పరిచి, చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టిన కప్పు. మే నెల మధ్యాహ్నం కూడా ఆ పడసాలలో చెప్పుల్లేకుండా నిలబడితే కాళ్లకు చల్లగా తగిలేది. వాకిలి పక్కన గోడలో ఒక రాతి పలక ఉండేది. ఒక వైపు తెలుగు, ఇంకో వైపు తమిళం. దాత పేరు, ఊరు, ఏ నెలలో ఏ నక్షత్రం నాడు ఎంతమందికి భోజనం పెట్టాలో అందులో చెక్కించారు.

ఆ కట్టడం ఎట్లా పోయిందంటే, మిద్దె మీద నీళ్లు బయటికి పోయే రాతి తూముకు ఆకులు అడ్డం పడ్డాయి. తీసే మనిషి లేడు. రెండు వానాకాలాలు నీళ్లు అక్కడే నిలిచాయి. పిట్టగోడ సందులో రావి మొక్క మొలిచింది, దాని వేరు కిందికి దిగింది. ఆ మూల దంతె కొస నాని మెత్తబడింది. గోడకు చెమ్మ కనబడగానే ఎవరో మంచి చేద్దామనుకుని లోపలా బయటా సిమెంటు పూత పూయించారు. ఇక్కడే ప్రాణం పోయింది. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు బిగిస్తే ఆ తడి బయటికి రాలేక లోపలి సున్నాన్నీ ఇటుకనూ తినేస్తుంది. కొంతకాలానికి పూత ఉబ్బింది, ఉప్పు తేలింది, పెచ్చులు రాలాయి. చూసినవాళ్లకు కట్టడమంతా కుళ్లిపోయినట్టు అనిపించింది. నోటీసు వచ్చింది. యంత్రం వచ్చింది. కూల్చే రోజున గోడలు అంత తేలిగ్గా పడలేదు, పళ్లున్న బకెట్టుతో మళ్లీమళ్లీ లాగాల్సి వచ్చింది. శిథిలమని కాగితం మీద రాసిన గోడలు అవి. ఆ రాతి పలక ఎటు పోయిందని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరు. లారీలో మట్టితోపాటు పోయి ఉంటుంది.

తూము శుభ్రం చేయడానికి ఒక మనిషి, ఒక పూట చాలు. మొక్కను చిన్నప్పుడే పీకడానికి అంత కూడా అక్కర్లేదు. దంతె ఒక్కటి మార్చడం వడ్రంగి పని. సున్నం పని తెలిసిన ఇంజనీరు ఒక్కరు వచ్చి చూసి ఉంటే ఈ మూడూ చెప్పి ఉండేవారు. నోటీసు రాయడానికి ముందు అలాంటి ఒక్కరు వచ్చి చూడాలన్న నియమం పెట్టమని అడుగుతున్నాను. సిమెంటు కాంక్రీటు లెక్కలతో సున్నపు కట్టడానికి ఆయుష్షు కట్టకూడదు.

కూలిన తర్వాత ఏమవుతుందో మన జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కళ్లముందే కుప్పకూలింది. 494 ఏళ్లు నిలిచిన గోపురం. పగుళ్లు అంతకుముందే కనబడ్డాయి, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. మళ్లీ గోపురం కట్టారు, 2017లో కుంభాభిషేకం జరిగింది. కొత్త గోపురానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ రాయలు కట్టించిన గోపురం అది కాదు, ఎప్పటికీ కాలేదు. తిరుమలలో సాళువ మల్లయ్య దేవరాజు 1464లో కట్టించిన వెయ్యికాళ్ల మండపాన్ని 2003లో తొలగించారు. భక్తులు తిరగడానికి జాగా కావాలన్నారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ మండపం పేరెత్తితే తిరుపతి పెద్దల గొంతు మారుతుంది.

ఈ రెండూ పేరున్న కట్టడాలు. పేరున్నవాటికే ఇట్లా అయితే పేరు లేనివాటి సంగతి ఊహించండి. అందుకే జాబితా అంటే పేర్లు రాసి బీరువాలో పెట్టే పుస్తకం కాకూడదు. ప్రతి కట్టడానికీ ఒక పేజీ. ఎప్పటిది, ఏ సామగ్రితో కట్టారు, కొలతలు, ఫొటోలు, గోడల మీద ఏ అక్షరాలున్నాయి, ఇప్పుడు ఎట్లా ఉంది. పగులు కనబడితే దాని మీద అడ్డంగా చిన్న గాజుపలక అతికించి తారీఖు వేస్తే చాలు. పగులు కదిలితే గాజు విరుగుతుంది, కదలకపోతే నిలుస్తుంది. ఇంత చవకైన వైద్య పరీక్ష ఇంకోటి లేదు. ఏటా వానాకాలానికి ముందు ఒకసారి ఆ పేజీ పట్టుకుని వెళ్లి చూడాలి.

ఇది మన శక్తికి మించిన పనని ఎవరైనా అంటే ఒప్పుకోను. వందేళ్ల కిందట ఇదే ఊళ్లో ఇంతకంటే కష్టమైన పని చేశారు. దేవస్థానం శాసన పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు తిరుమల, తిరుపతి గుళ్ల గోడల మీద వెయ్యికి పైగా శాసనాలను చదివారు. చీకటి మూలల్లో, ప్రాకారాల అడుగున, కాలితో తొక్కే రాళ్ల మీద ఉన్నవాటిని కూడా వదల్లేదు. అవి సంపుటాలుగా అచ్చయ్యాయి. ఇవాళ ఏ రాజు ఏ ఏడు ఏం ఇచ్చాడో మనం ధీమాగా చెబుతున్నామంటే ఆ లెక్క రాసి పెట్టినందువల్లే. అప్పుడు డిజిటల్ కెమెరా లేదు, సెల్‌ఫోన్ లేదు, డ్రోన్ లేదు. ఇప్పుడు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పురావస్తు విభాగం ఉంది. దేవస్థానం నడిపే శిల్ప శిక్షణ సంస్థ ఉంది, రాతి పని చేతితో నేర్చిన కుర్రవాళ్లు అందులో ఉన్నారు. ఇంజనీరింగ్ కాలేజీలకు ఈ జిల్లాలో కొదవ లేదు. ఒక వేసవిలో ఒక్కో మండలానికి ఒక్కో బృందాన్ని పంపితే జాబితా తొలి ప్రతి తయారవుతుంది. పక్క రాష్ట్రంలో మద్రాసు హైకోర్టు జోక్యంతో 2010లో చెన్నైకి 467 వారసత్వ కట్టడాల జాబితా వచ్చింది. మన చంద్రగిరి రాయల పట్టాతో పుట్టిన ఊరికి జాబితా ఉంది. పట్టా ఇచ్చిన నేలకు లేదు.

ఇళ్ల యజమానుల గురించి కూడా చెప్పాలి. పాత మిద్దె అమ్ముకునేవాణ్ణి దోషిగా చూడడం నాకు నచ్చదు. ఒక ఇంటికి పదిమంది వాటాదారులు, అందులో సగం మంది బెంగళూరులో, అమెరికాలో ఉంటారు. కింద దుకాణాల అద్దె కప్పు బాగుచేయించడానికి కూడా చాలదు. అపార్టుమెంటు కట్టేవాడు వచ్చి తలా ఒక ఫ్లాటు ఇస్తానంటే కాదనడానికి కారణం ఏముంటుంది? కారణం ప్రభుత్వం కల్పించాలి. తిరుపతిలో రోడ్ల వెడల్పు కోసం స్థలం పోగొట్టుకున్నవాళ్లకు టీడీఆర్ బాండ్లు, అంటే కట్టుకునే హక్కును ఇంకొకరికి బదిలీ చేయగల కాగితాలు ఇచ్చారు. రోడ్డుకు ఇల్లు ఇచ్చినవాడికి దక్కే బాండు, ఊరి కోసం ఇల్లు నిలబెట్టినవాడికి ఎందుకు దక్కకూడదు? పాత ఇంటిని కూల్చకుండా ఉంచుతానని రాసిచ్చిన యజమానికి ఆ స్థలం మీద కట్టుకోగల అంతస్తుల హక్కును బాండుగా ఇవ్వండి, అతను ఇంకోచోట అమ్ముకుంటాడు. ముంబైలో పాత కట్టడాలకు ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఇంటి పన్నులో కొంత తగ్గించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీల పేర్లు, ఫోన్ నంబర్లు సచివాలయంలో దొరికేలా చేయండి. గానుగ సున్నం కావాలని అడిగితే మేస్త్రీ ముఖం తిప్పుకునే రోజులివి. ఆ పని చేయగల చేతులు ఎక్కడెక్కడ మిగిలాయో రాసుకోవడం కూడా ఈ జాబితాలో భాగమే.

ప్రభుత్వ కట్టడాల విషయంలో మాత్రం ఏ సాకూ చెల్లదు. కచేరీలు, పోలీసు స్టేషన్లు, బంగళాలు, పాత బళ్లు మీవే. వాటాదారుల తగాదా లేదు, అద్దె గొడవ లేదు. కొత్త భవనానికి నిధులు వచ్చాయని పాతదాన్ని పడగొట్టే ముందు ఖాళీ స్థలం పక్కన ఉందేమో చూడండి. చాలాచోట్ల ఉంటుంది.

మళ్లీ రేవు దగ్గరికి వస్తాను, తొందర అక్కడే ఎక్కువ. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో దుగరాజపట్నంలో పెద్ద ఓడరేవు కడతామని, మొదటి దశ 2018 చివరికి పూర్తవుతుందని రాశారు. అది రాలేదు. ఇప్పుడు అక్కడ నౌకా నిర్మాణ కేంద్రం ప్రతిపాదన నడుస్తోంది. వస్తే రావాలి. ఆ తీరం పిల్లలు చేపల వేటకు పడవెక్కడమో, పనికి చెన్నై బస్సెక్కడమో తప్ప వేరే దారి లేకుండా ఉండకూడదు. కానీ నౌకా కేంద్రమంటే వేల లారీల మట్టి, లోతైన తవ్వకం. ఒకసారి నేల తిరగబడితే 1626 నాటి పునాది ఎక్కడుందో ఇక వెతకలేం. తవ్వకాలకు ముందు పురావస్తు శాఖ బృందం ఆ ఒడ్డును నడిచి చూడాలి. కంపెనీ నాటి కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, తర్వాతి కాలానివి చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకుని, పాత పటాలను ఇప్పటి సర్వే నంబర్లతో పోల్చాలి. ఊళ్లో పెద్దవాళ్లను, సముద్రం మీద బతికే మత్స్యకారులను కూర్చోబెట్టుకుని అడగాలి. ఎక్కడ గుంత తవ్వితే ఇటుక తగిలిందో, ఏ దిబ్బను తాతలు ఏమని పిలిచేవాళ్లో వాళ్లను అడిగిన అధికారి ఇంతవరకూ నా ఎరుకలో లేడు. ఏమీ దొరకకపోతే ఏమీ దొరకలేదని రాసిపెట్టండి, అదీ చరిత్రే. దొరికితే ఆ నాలుగు గజాల నేలను కంచె వేసి పక్కన పెట్టండి. నౌకా కేంద్రానికి వచ్చేవాళ్లు కూడా చూసిపోతారు.

కాబట్టి సర్వే దుగరాజపట్నంలో మొదలుపెట్టమని కోరుతున్నాను. అక్కడి నుంచి నాయుడుపేట వైపు, వెంకటగిరి, శ్రీకాళహస్తి, తిరుపతి, చంద్రగిరి దాకా రండి. తొలి జాబితాను అచ్చు వేసి ప్రతి గ్రామ, వార్డు సచివాలయంలో నెల రోజులు పెట్టండి, మా వీధిలో ఫలానాది వదిలేశారని చెప్పడానికి జనానికి వ్యవధి ఉంటుంది. కమిటీలో అధికారులతోపాటు ఒక మేస్త్రీ, ఒక వడ్రంగి కూడా ఉండాలి. బృందం ఏ రోజు ఏ వీధికి వస్తుందో ముందుగా తెలియజేయండి. తాళాలు తీయించడానికి, అటకల మీది పాత దస్తావేజులు దింపి చూపించడానికి మావంటి వాళ్లం ఉన్నాం.

ఇట్లు,
తిరుపతి పాత ఊరి నివాసి ఒకరు